సర్కారుకు ఏడు వేలు

“నిన్ననే రాసుకొని పోయినవు గద బిడ్డా, మళ్ల వచ్చినవేంది?” కందిపప్పు తూస్తూ అడిగాడు రామచంద్రయ్య.

ప్రవళిక చేతిలో సర్వే ట్యాబ్ ఉంది. చేవెళ్ల, మొయినాబాద్ ఊళ్లు తిరిగి సరుకుల ధరలు, ఇళ్ల కిరాయిలు రాసుకోవడం ఆమె పని. వాటిని బట్టే ధరలు ఎంత పెరిగాయో సర్కారు లెక్క కడుతుంది.

“దుకాణం వెనక పోర్షన్ ఖాళీ అన్నవు గద సేటు. కిరాయి ఏడు వేలేనా?”

“ఏడే. ఇన్నేండ్లు మీ సర్వేల పప్పు, ఉల్లిగడ్డనే అడిగిండ్రు, కిరాయి ఇప్పుడే అడుగుతున్నరు. ఊర్లల్ల అందరికీ సొంతిండ్లే ఉంటయనుకున్నరేమో. మరి అజీజ్‌నగర్ ఫాంహౌసులల్ల పనోళ్లు చెట్ల మీద పంటున్నరా?”

ఆమె నవ్వలేదు. “జర చూపిస్తవా?”

రామచంద్రయ్య తాళం తీశాడు కానీ గడప దాటలేదు. మూసి ఉన్న గదిలోంచి చల్లటి మట్టి వాసన వచ్చింది.

“నువ్వు రావా లోపలికి?”

“నువ్వే చూడు. బీరయ్య కిరాయికుండి ఈడనే పోయిండు. నక్షత్రం మంచిది కాదని అయ్యగారు ఆరు నెలలు తాళమేయమన్నడు. మొన్ననే గడువు తీరింది. నలభై రెండు వేలు నష్టం! పోయినోడు కిరాయి ఇయ్యడు, ఇల్లు మాత్రం ఇడ్వడు. ఇప్పటికీ గోడ అవతల దగ్గు ఇనవడ్తది నాకు.”

ప్రవళిక తలుపు రెండు రెక్కలూ తెరిచి, గుమ్మం వెడల్పును జానలతో కొలిచింది.

“ఇది గూడ రాస్తరా సర్వేల?”

“సర్వేకు కాదు సేటు. నేనే వస్త. ఇయ్యాలనే.”

అప్పుడు ఆమెను సరిగా చూశాడతడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కాళ్లకు చెప్పులు రెండు వేరువేరు జతలవి. తొందరలో ఉన్న మనిషి బేరమాడదని అతడికి తెలుసు.

“ఉన్న ఇల్లేమైంది?”

“పొద్దుగాల ఓనరు రావద్దన్నడు.”

“ఎనిమిదిన్నర.”

“నిన్న ఏడని రాయించినవు!”

“అది సర్కారుకు. ఇది నీకు. సర్కారొచ్చి నా ఇంట్ల ఉంటదా?”

ఆమె తల ఊపింది.

“ఎంతమంది?”

“నేను, తమ్ముడు గణేష్, అమ్మ.”

“అమ్మ పానం ఎట్లున్నది? నిజం చెప్పు. నా ఇంట్ల ఇంకో చావు కావద్దు. ఏ ఓనరూ ఒప్పుకోడు.”

“నీ ఇంట్ల చావు కాదు సేటు. మాటిస్తున్న.”

రామచంద్రయ్య కుదుటపడ్డాడు.

“వాకిట్ల నలుగురు కూసుంటే ఏమనవు గద?” అందామె.

“ఇంట్ల చేరేనాడు చుట్టాలు రారా ఏంది? పాలు పొంగియ్యి. అవును, దినం మంచిదో కాదో చూసుకున్నవా?”

“చూసే టైం లేదు.”

రెండు నెలల అడ్వాన్సు, పదిహేడు వేలు, అతడి ఫోన్‌లో పడింది. రెండుసార్లు చూసుకొని తాళంచెవి ఇచ్చాడు. నలభై రెండు వేల నష్టం ఇరవై ఐదుకు దిగింది. మాట తప్పని మనిషే దొరికిందనుకుంటూ దుకాణంలోకి పోయాడు.

ప్రవళిక ఆ గది గోడకు ఆనుకుని కూలబడింది. కాసేపటికి ఫోన్ తీసింది.

“గణేష్, ఇల్లు దొరికింది. అమ్మను తీసుకరా.”

చౌరస్తాలో పొద్దుటి నుంచి ఆగి ఉన్న శవాల బండి కదిలింది.