విజిల్ ఊదేదాకా

సబ్‌స్టేషన్ ఆవరణలో, స్తంభం కింద, నారింజ రంగు జాకెట్టు వేసుకున్న మనిషి బోర్లా పడి ఉన్నాడు. హెల్మెట్ ముఖం మీదికి జారింది. చుట్టూ సున్నంతో గీసిన గీత. గీతకు ఇవతల ఆఫీసంతా వరసగా నిలబడి ఉంది. ఎవరూ కదలడం లేదు.

భద్రతా వారోత్సవాల మాక్‌డ్రిల్లు మరి. కరెంటు కొట్టి పడిపోయినవాణ్ణి ఎలా కాపాడాలో చేసి చూపించాలి. చూడాల్సిన చైర్మన్‌గారు ఇంకా రాలేదు. ఆయన రానిదే విజిల్ లేదు. విజిల్ లేనిదే కాపాడటం లేదు.

విజిల్ పెద్ద ఇంజనీరు మెడలో ఉంది. ఆయనకు కోపమొస్తే దూరంగా ట్రాన్స్‌ఫర్, సంతోషమొస్తే కాస్త దగ్గరికి ట్రాన్స్‌ఫర్. అందుకే స్టాఫంతా చాటుగా ఆయన్ని ట్రాన్స్‌ఫార్మర్ అంటారు. ఊరందరికీ పవర్ పంచే సంస్థలో అసలు పవరంతా ఆయనొక్కడి దగ్గరే. అక్కడ షాక్ కొట్టేవి రెండు: తీగ, మెమో. తీగ నయం, ముట్టుకుంటేనే కొడుతుంది.

వరస చివర కొత్త ఇంజనీరమ్మాయి. కిందటి డ్రిల్లులో, పడిపోయినట్టు నటించిన ఆఫీసు డ్రైవరు గిలగిలా కొట్టుకుంటుంటే నిజమేననుకుని విజిల్ ఊదకముందే పరుగెత్తింది. చైర్మన్ నవ్వాడు. ట్రాన్స్‌ఫార్మర్ నవ్వలేదు. ఇంకోసారి గీత దాటితే ఉద్యోగం పర్మనెంటు కాదని మెమో ఇచ్చాడు. ఇంట్లో మంచం పట్టిన తండ్రి, చదువుకుంటున్న చెల్లెలు. నుదుటి గీత మాటేమో గానీ, ఆమె బతుకిప్పుడు ఆ సున్నపు గీత మీదే ఉంది.

"బాబాయ్, కమురు వాసన రావట్లా?" అంది పక్కనున్న ముసలి ఫోర్‌మాన్‌తో.

"ట్రాన్స్‌ఫార్మర్ కదమ్మా, ఎప్పుడూ మాడుతూనే ఉంటుంది," అన్నాడాయన పెదవులు కదపకుండా.

నిజానికి ట్రాన్స్‌ఫార్మర్ ఆ పూట చల్లగానే ఉన్నాడు. డ్రైవరు ఈసారి పాత్రలో లీనమైపోయాడని మెచ్చుకున్నాడు. పోయినసారి మధ్యలో దోమను కొట్టుకున్నాడట. ఇప్పుడు ఈగ వాలినా ఉలకడం లేదు, పలకడం లేదు.

ఒక్క బ్యానర్ దగ్గరే ఆయనకు మండింది. 'భద్రతే మన ఊపిరి' అన్న గుడ్డ ఒక కొస ఆ స్తంభానికే కట్టి ఉంది. రెండో కొస గాలికి కొట్టుకుంటోంది. కాంట్రాక్టు వాళ్లకు పని చెబితే ఇంతేనని, సగం కట్టి టీ తాగడానికి పోతారని తిట్టాడు. కట్టినవాడి పేరేమిటని అడిగాడు. ఎవరికీ తెలియదు. కాంట్రాక్టు వాళ్ల పేర్లు ఆ ఆఫీసులో ఎవరూ అడగరు.

అమ్మాయి కాలు ముందుకు పడింది.

"బాబాయ్, ఊపిరి తీస్తున్నట్టు లేదు. ఒక్కసారి చూసొస్తా."

ఫోర్‌మాన్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "పోయినసారీ ఇదే మాట అన్నావు తల్లీ. వాడికేం, లేచి దులుపుకుని పోతాడు. గీత దాటితే పోయేది నీ ఉద్యోగం."

ట్రాన్స్‌ఫార్మర్ ఇటు తిరిగాడు.

"ఏమ్మా, మళ్లీ మొదలా?" అన్నాడు. మెల్లగానే అన్నాడు.

ఆమె కాలు వెనక్కి తీసుకుంది.

ఎండ ముదిరింది. చైర్మన్‌గారు దారిలో ఉన్నారని ఫోనొచ్చింది. కాసేపాగి, ఇంకా దారిలోనే ఉన్నారని మళ్లీ వచ్చింది. అటెండరు గొడుగు తెచ్చి ట్రాన్స్‌ఫార్మర్‌కు పట్టాడు. పడి ఉన్నవాడికి పట్టలేదు. సీనులో గొడుగు లేదు.

చివరికి కారు గేట్లోకి తిరిగింది. వరస నిటారైంది. స్ట్రెచర్ వాళ్లు స్ట్రెచర్ ఎత్తుకున్నారు. ట్రాన్స్‌ఫార్మర్ విజిల్ నోట్లో పెట్టుకున్నాడు. ఈసారి తను ఏ తప్పూ చేయలేదనుకుని అమ్మాయి గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

అప్పుడే కారు వెనకాల నుంచి, నారింజ రంగు జాకెట్టు గుండీలు పెట్టుకుంటూ రొప్పుతూ పరుగెత్తుకొచ్చిన డ్రైవరు, "ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాను సార్, నన్నెక్కడ పడుకోమంటారు?" అని అడిగాడు.