పాత ఫోన్ల గది

ఓరగా తీసున్న పై గది తలుపులోంచి లోపలికి చూసి, కింది వాటాలో ఉండే శిబానీ గుమ్మంలోనే ఆగిపోయింది.

నేలంతా ఫోన్లు. నలభైకి తక్కువుండవు. అన్నీ పాతవే, అన్నీ వెలుగుతున్నాయి.

మధ్యలో మఠం వేసుక్కూర్చున్నాడు సౌగత్, నెల కిందట ఆ గదిలో దిగినవాడు.

"ఎక్కడివివన్నీ?"

"కొన్ని సంతలో కొన్నాను, బౌదీ. కొన్ని తెలిసినవాళ్లిచ్చారు." వదిన వరస కలిపి పిలిచాడు.

"ఏం చేస్తావు వీటితో?"

"నెట్‌లో ఒకే పేజీని అన్నిట్లో తెరిచి చూస్తాను. ఆ పేజీలు రాసేవాళ్లు కొత్త ఫోన్లకే రాస్తారు. జనం చేతుల్లో ఉండేవి ఇవి. రెంటికీ అర్థమయ్యేలా రాయొచ్చు, చెప్పేవాడుండాలి." ఆమె చేతిలోది చూశాడు. "ఆ రకంది నా దగ్గర చెడిపోయింది. ఐదు నిమిషాలిస్తారా?"

శిబానీ ఫోన్ కొంగులో దాచేసింది.

ఇవ్వడానికి అది ఉత్త ఫోనా? ఎనిమిదేళ్ల కూతురు మిఠీకి మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ఆస్పత్రి పేజీలో రోజు ఖాయం చేసుకునేది అందులోనే. మొన్నటిదాకా ఆ పేజీ తెల్లగా వచ్చేది, తను చీకటితోనే లేచి ఆస్పత్రి వరసలో నిలబడేది. రెండు నెలలుగానే కాళికమ్మ దయవల్ల తెరుచుకుంటోంది.

కీడెంచి మేలెంచమన్నారు. తిన్నగా, తను అన్న వరసలో పిలిచే ఇంటి యజమాని నితాయ్ దగ్గరికెళ్లింది.

"దాదా, వాడు దొంగ."

"అద్దె సరిగ్గా ఇస్తున్నాడమ్మా."

"దొంగలు అద్దె ఎగ్గొడతారా? అందరి కళ్లూ పడవూ? రేపు పోలీసులొస్తే ముందు పట్టుకునేది ఇంటివాణ్ణే."

ఆ మాట పనిచేసింది.

సాయంత్రానికల్లా సౌగత్ రెండు గోతాలు రిక్షాలో వేసుకున్నాడు. ఎవరితోనూ గొడవ పడలేదు. శిబానీ గుమ్మం ముందు మాత్రం ఆగాడు.

"పాప ఎలా ఉంది, బౌదీ?"

"దానితో నీకేం పని?"

అతను తల వంచుకుని వెళ్లిపోయాడు. శిబానీ రెండు గడియలూ బిగించింది.

శుక్రవారం మిఠీకి రక్తం ఎక్కుతుంటే నర్సు శిబానీ చేతిలో ఫోన్ చూసి నొచ్చుకుంది.

"సోమవారం నుంచి కొత్త పేజీ వస్తోందమ్మా. పాత ఫోన్లలో తెరుచుకుంటుందో లేదో చెప్పలేం."

"మళ్లీ వరసలోనా? ఇప్పుడు తెరుచుకుంటోందిగా?"

"దానంతటది తెరుచుకుందా? ఒకబ్బాయి అప్పట్లో రాత్రింబవళ్లు కూర్చుని, పైసా తీసుకోకుండా, పాత ఫోన్లన్నిట్లో తెరుచుకునేలా చేశాడు. కొత్తదీ చేస్తానన్నాడు, ఇప్పుడు ఇల్లు ఖాళీ చేయించారట, జాడ లేదు. మీ వీధిలోనే ఉండేవాడు, సౌగత్ అని, ఎటెళ్లాడో మీకేమైనా తెలుసా?"