రెండో సంతకం

"ఎనిమిదేళ్ళ కష్టం. బాగా ఆలోచించుకున్నావా?" అని అడిగాడు మేస్త్రీ.

కళ్ళద్దాలు అరగదీసే ఆ వర్క్‌షాపులో ఆమెది ఆఖరి బల్ల. ఇరవై తొమ్మిదేళ్ళు. పెళ్ళి కాలేదు, అప్పుల్లేవు, వెనకాల ఆస్తీ లేదు. జీతంలో కోసే పెన్షన్ కాక, ముసలితనానికని ప్రతి నెలా ఇంకాస్త పక్కన పెడుతూ వచ్చింది. తోటివాళ్ళు సినిమాకు పోతే ఆమె ఇంటికి పోయేది. పాత చెప్పులకే మళ్ళీ మళ్ళీ కుట్లు వేయించేది. ఎందుకంత పీనాసితనం అంటే, అమ్మ పడ్డ పాట్లు నావల్ల కాదనేది.

అమ్మ ముప్పై ఏళ్ళు ఆసుపత్రి దుప్పట్లు ఉతికి కూడబెట్టింది. దాన్ని ఒకడు తియ్యటి మాటలతో నొక్కేశాడు. పోయే ముందు నెలల్లో అమ్మ మందుబిళ్ళను సగానికి విరిచి వేసుకునేది. ఆ సగం బిళ్ళలు గుర్తొస్తే ఆమెకు ఇప్పటికీ ఒళ్ళు మండిపోతుంది. వాణ్ణి ఊరికే వదలకూడదని రోజూ అనుకుంటుంది.

మేస్త్రీ భయం కూడా అదే, తల్లి సొమ్ములాగే ఈమె సొమ్మూ పోతుందేమోనని. ఆయన లెక్క సాదాసీదాది. ఖర్చులు తక్కువ పట్టుకునే ఫండులో వేయాలి, అది వందల కంపెనీల మీద పరిచి ఉండాలి, ముప్పై ఏళ్ళు దాని జోలికి పోకూడదు. పెళ్ళీ పిల్లలూ లేని ఈ వయసే నీ అసలు పెట్టుబడి అని చెప్పి, ఆ ఫండు పేరు చీటీ మీద రాసిచ్చాడు. ఆమె చీటీని బుద్ధిగా మడిచి పర్సులో పెట్టుకుంది. పెట్టుకుని, వర్క్‌షాపుకు వచ్చే బీమా ఏజెంటు తెచ్చిన పెన్షన్ పాలసీయే తీసుకుంటానంది.

ఏజెంటు వరసలు కలపడంలో దిట్ట. గుమ్మంలో కాలు పెట్టేసరికి ఒకరు బావ, ఇంకొకరు పిన్ని. ఇన్నేళ్ళలో ఎంతమందితో ఏ వరస కలిపాడో ఆయనకే గుర్తుండదు. ఆమె తనంతట తానే 'మామయ్యా' అని పిలిచేసరికి పొంగిపోయాడు.

"మేనకోడలికి అన్యాయం చేస్తానా? కళ్ళు మూసుకుని సంతకం పెట్టమ్మా," అన్నాడు.

మొదటి ఏడాది కట్టిన దాంట్లో మూడోవంతు ఆయన కమీషన్‌కే పోతుందని మేస్త్రీ మొత్తుకున్నాడు. ఆమె వినలేదు. పైగా తక్కినవాళ్ళనూ పోగుచేసింది. టీ వేళ ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి చెవిలో ఏదో చెప్పేది. అంతవరకు ససేమిరా అన్నవాళ్ళు పెన్ను అడిగేవారు. ఫారాలన్నీ తానే నింపింది. ఒక్కొక్కరి చేత రెండు కాగితాల మీద సంతకం పెట్టించి, ఒకటి ఏజెంటుకు ఇచ్చి, రెండోది తన సంచిలో దాచింది.

రెండోది ఎందుకని ఏజెంటు అడిగాడు.

"మా దగ్గరా ఓ కాగితం ఉండాలి కదా మామయ్యా," అంది.

మేస్త్రీ ఇక ఆగలేకపోయాడు. అమ్మ గతి చూసి కూడా బుద్ధి రాలేదా అని అందరి ముందూ దులిపేశాడు. ఆమె ఆయన్ను మెషీను వెనక్కి తీసుకెళ్ళింది. రెండు నిమిషాల తర్వాత మేస్త్రీ కూడా పెన్ను అడిగాడు. జేబులు తడుముకుని, కళ్ళజోడు పెట్టుకుని, తనూ రెండు చోట్లా సంతకం గీకాడు.

మొత్తం నలభై రెండు పాలసీలు. ఏజెంటు ఆ ఏటి పోటీలో మొదటివాడయ్యాడు. పాలసీ కాగితాలు తానే మోసుకొచ్చి పంచాడు. అందిన తేదీ ప్రతిదాని మీదా ఆయన చేతే వేయించుకుని, ఆమె గోడ క్యాలెండర్లో ఆ రోజు చుట్టూ సున్నా చుట్టింది. కమీషన్ చేతికొచ్చిన మర్నాడే ఆయన కొత్త కారుకు డబ్బు కట్టేశాడు. మిఠాయి పెట్టె పట్టుకొచ్చి అందరికీ పెట్టాడు. ఆమె రెండు తీసుకుంది.

కారు ఇంటికొచ్చేసరికి ఆ సున్నా నుంచి పద్నాలుగు రోజులయింది. మర్నాడు పొద్దున్నే ఆమె సగం రోజు సెలవు పెట్టి, సంచి భుజాన వేసుకుని, పాలసీ కంపెనీ పెద్దాఫీసుకు వెళ్ళింది. కౌంటర్లో గుమస్తా ఆమె దాచి తెచ్చిన ఆ నలభై రెండు కాగితాలూ తిప్పి చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ మొదటి నుంచి తిప్పాడు.

"కారణం అన్న గడి అన్నింట్లోనూ ఖాళీగా ఉందమ్మా. ఏమని రాయను?"

"పదిహేను రోజుల్లోపు రద్దు చేసుకుంటే కట్టిందంతా వాపసిచ్చి, ఏజెంటు కమీషన్ ఏజెంటు దగ్గరే వసూలు చేస్తారన్న సంగతి, పదేళ్ళ క్రితం అక్కయ్యా అని పిలిచి మా అమ్మ చేత సంతకం పెట్టించుకున్నప్పుడు ఈ మామయ్య చెప్పడం మరిచిపోయాడని రాయండి," అంది.