పాత బోర్డు

ముంచింగిపుట్టు సంతలో ఒక మనిషి అట్టపెట్టె చంకన పెట్టుకుని తిరుగుతున్నాడు.

"గాసన్న కొడుకు ఫల్గుణ ఎక్కడుంటాడమ్మా?"

విస్తళ్ళు కుట్టే అడ్డాకుల కట్టలమ్ముతున్న ముత్యాలమ్మ తలెత్తింది. ఆమె గాసి భార్యే. అతని నుదుటి మీద గాటు చూసి కేక పెట్టింది.

"ఫల్గుణా! మీ అయ్యని సంపినోళ్ళ జీపు తోలింది ఈడేరా!"

ఏడేళ్ళ కిందటి మాట. క్వారీ షావుకారు కన్ను ఊరి కొండ మీద పడింది. కొండ ఊరిదనడానికి కాగితం లేదు. పెద్దలు పిడికిట మట్టి పట్టి చెప్పిన హద్దులే సాక్ష్యం. ఆ మాటలన్నీ గాసి, మిషన్ బడివాళ్ళిచ్చిన కంప్యూటర్లో రికార్డు చేశాడు.

షావుకారు మనుషులొచ్చి కంప్యూటర్ని గొడ్డళ్ళతో నరికారు. మాటలున్న డిస్కు అందులో లేదు. అదెక్కడుందో చెప్పమని గాసిని చచ్చేదాకా కొట్టారు.

ఆ పెద్దలూ పోయారు. వచ్చే వారం కోర్టులో తీర్పు. సాక్ష్యం లేదు, కొండ పోయినట్టే.

ఫల్గుణ పరుగున వచ్చి అట్టపెట్టె మూత చింపాడు. లోపల ఒక పాత మదర్‌బోర్డు, దాని మీద ప్రాసెసర్, గుడ్డలో చుట్టిన డిస్కు.

"ఈ డిస్కు కొత్త బోర్డుల్లో పెడితే పలకలేదు బాబూ. దీనికి సరిపడిందే ఏరి తెచ్చాను. మీ నాన్న..."

నాన్న మాట వినగానే ఫల్గుణ ఒళ్ళు మండిపోయింది. చేతి కర్ర ఆ మనిషి మూతి మీద పడింది. పళ్ళు రాలాయి.

"సంపి, దొంగిలించి, ఇప్పుడు అమ్ముకోడానికొచ్చావా?"

సంత సంతంతా మీద పడింది. కాళ్ళతో తన్నారు, రాళ్ళతో మోదారు. తల పగులుతున్నా అతను చేతులు తలకి అడ్డం పెట్టుకోలేదు. రెండు చేతులూ పెట్టె మీదే ఉన్నాయి.

నెత్తుటి నోటితో ఏదో చెప్పబోయాడు. వినే ఓపిక ఎవరికుంది? కోపానికి చెవులుండవు.

పాడేరు ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. పెట్టె ఫల్గుణ దగ్గరే ఉండిపోయింది.

మర్నాడు కంప్యూటర్ సెంటర్ ధనరాజు ఆ బోర్డుని బిగించాడు.

"పదేళ్ళనాటి బోర్డు. ప్రాసెసర్ కూడా దీని జోడే. ఎన్ని పాతసామాన్ల కొట్లు గాలించాడో! అమ్ముకునేవాడు ఇంత కష్టపడడే!"

ఫల్గుణ గుడ్డ విప్పి డిస్కు అందించాడు.

కంప్యూటర్ పలికింది. ఒక్కొక్క పెద్దా హద్దులు చెబుతున్నాడు. ఇక కొండ దక్కినట్టేనని ముత్యాలమ్మ ఏడ్చేసింది.

ఆఖరి రికార్డు ఆపడం గాసి మరిచిపోయినట్టున్నాడు. తలుపు చప్పుడైంది. నిన్న సంతలో విన్న గొంతే.

"గాసన్నా, రేపు మా షావుకారు మనుసులొత్తారు. ఆ డిస్కు బేగి ఊడదీసి నాకియ్యి, దాసేత్తాను. నువ్వూ ఎలిపో!"

తర్వాత గాసి గొంతు నెమ్మదిగా వినిపించింది.

"ఊరొదిలి నేనెలా ఎల్తాను పైడయ్యా? డిస్కు ఊడదీసి ఇత్తాను, పట్టుకెళ్ళు. నా గుంటడు పెద్దోడయ్యాక నీ సేత్తోనే ఆడికియ్యి. నిన్ను ఆడు అయ్యలాగ సూసుకుంటాడు."