ఈ వారం ఎటు లాగుతోంది?

కారు కింద నుంచి రెండు జతల కాళ్ళు బయటికి వచ్చి ఉన్నాయి. ఎడమవైపువి పెద్దోడివి, కుడివైపువి చిన్నోడివి. మధ్యలో టేపు.

"నూట నలభై రెండున్నర," అన్నాడు చిన్నోడు.

"సరిగ్గా చూశావా?"

"కళ్ళున్నాయి నాకు."

వారం మొత్తంలో అన్నదమ్ముల మధ్య మాటలంటూ ఉంటే ఇవే. నాన్న పోయాక ఆయన రిపేరు షెడ్డు అమ్మేద్దామని ఒకడు, వద్దని ఒకడు పట్టుబట్టారు. షెడ్డు పోయింది, దాంతోపాటే పలకరింపూ పోయింది. రోడ్డు మీద ఎదురుపడితే ఇద్దరికీ ఫోన్లో ఏదో అర్జెంటు పని గుర్తొస్తుంది.

మిగిలింది అమ్మ తోలే ఈ పాత కారు. చక్రాలు సర్దడం ఇంట్లోనే చేసుకోవచ్చని నాన్న ఇద్దరికీ చిన్నప్పుడే నేర్పాడు. ముందు చక్రాల ముందరి అంచుల మధ్య కొలవాలి, వెనక అంచుల మధ్య కొలవాలి, తేడా ఉంటే స్టీరింగు నుంచి చక్రానికి వెళ్ళే కడ్డీని తిప్పాలి. ఇటు పావు చుట్టు ఎక్కువైతే కారు ఎడమకి లాగుతుంది, అటు ఎక్కువైతే కుడికి. కొలవడానికి మాత్రం ఇద్దరు కావాలి. ఒకడు అంకె చెప్పాలి, రెండోవాడు వినాలి. నోరు మూసుకుని చేసే పని కాదు.

ఆ కారుకి నిలకడ లేదు. ఒక వారం ఎడమకి, ఒక వారం కుడికి. ఆదివారం పొద్దున్నే అమ్మ ఇద్దరికీ ఫోన్ చేసి "మళ్ళీ లాగుతోందిరా" అంటుంది. ఆ గొంతులో దిగులు వెతికినా దొరకదు. పెద్దోడు గతుకుల రోడ్డుని తిడతాడు. గేటు బయట ఎండలో పెడితే ఇంతేనని చిన్నోడు వంత పాడతాడు.

పని అయ్యాక ఇద్దరూ కుళాయి దగ్గర చేతులు రుద్దుకున్నారు. ఆ గ్రీజు మొండిది, ఎంత సబ్బు పెట్టినా ఒక రోజంతా వదలదు. అమ్మ తువ్వాలు ఇవ్వకుండా పాత గుడ్డ విసిరింది.

"మీ ఆదివారాలన్నీ నేనే తినేస్తున్నాను. వచ్చే వారం గనక తిన్నగా పోయిందా, ఇక మిమ్మల్ని పిలవను. ఎవరి పని వాళ్ళు చూసుకోండి."

పెద్దోడు గోళ్ళు రుద్దుకుంటూ ఉండిపోయాడు. చిన్నోడు కుళాయి కట్టేయడం మరిచిపోయాడు.

తర్వాతి ఆదివారం అమ్మ ఫోన్ చేయలేదు. అయినా ఇద్దరూ వచ్చారు.

"ఎందుకొచ్చార్రా? ఇప్పుడే తోలి చూశాను. గీత గీసినట్టు పోయింది," అంది అమ్మ. ఈసారి దిగులు వెతకాల్సిన పని లేదు.

"అలా ఎలా పోతుంది?" అన్నాడు పెద్దోడు.

"పోవడానికి వీల్లేదే," అన్నాడు చిన్నోడు.

నమ్మకం లేకపోతే మీరే తోలి చూసుకోండని అమ్మ తాళాలు బల్ల మీద పెట్టింది, టీ ఇచ్చింది. ఇద్దరూ తాళాల వంక చూస్తూ తాగారు. కప్పులు తెల్లవి, అమ్మ కడిగి తుడిచి పెట్టినవి. ఖాళీ అయ్యాక తీయబోయి ఆమె ఆగిపోయింది. ఆ రోజు కొడుకులిద్దరూ ఇంకా కారు దగ్గరికి వెళ్ళనే లేదు.

రెండు కప్పుల మీదా గ్రీజు వేలిముద్రలున్నాయి.