మధ్యగతం

“పిచ్చెక్కింది నీ మెషీన్‌కా, నీకా?” అన్నాడు డైరెక్టరు.

ఎదురుగా కెమిస్టు నిలబడే ఉంది. కూర్చోమని అతను అనలేదు.

ఇద్దరి మధ్యా బల్ల మీద ఒక ప్లాస్టిక్ బాటిల్. అడుగున వేలెడు నీళ్లు. ల్యాబ్‌లకి గుర్తింపునిచ్చే సంస్థ ఏటా పెట్టే పరీక్ష అది. అలాంటి బాటిళ్లే ఇంకో ఆరు ల్యాబ్‌లకూ వెళ్లాయి. అన్నిట్లోనూ ఒకే నీళ్లు. వాటిలో సీసం ఎంత ఉందో ఎవరికి వాళ్లు కొలిచి అంకె పంపాలి. వచ్చిన అంకెల్ని వరసగా పేర్చి, సరిగ్గా మధ్యలో ఉన్నదాన్ని అసలు విలువ అంటారు. దానికి మరీ దూరంగా పడ్డ ల్యాబ్‌కి ఆ ఏడు గుర్తింపు పోతుంది.

అందుకని పంపేముందు ఒకరికొకరు ఫోన్ చేసుకోవడం వాళ్లలో ఆనవాయితీ. పైకి ఎవరూ ఒప్పుకోరు.

డైరెక్టరు పొద్దున్నే ఆరుగురికీ చేశాడు. మొదట తన అక్క మొగుడికి. అతన్ని ఈ వృత్తిలోకి తెచ్చింది ఆయనే. అన్నిటికన్నా పెద్ద ల్యాబ్ ఆయనది. పన్నెండేరా, ఇంకెంత, అన్నాడు బావ. మిగతా ఐదుగురూ పన్నెండుకి కాస్త అటో ఇటో చెప్పారు. ఆ ఆరు అంకెలూ రాసిన కాగితం బాటిల్ పక్కనే ఉంది.

కెమిస్టు తెచ్చింది ముప్పై ఒకటి.

ఆ అంకె తననే వెక్కిరిస్తున్నట్టుంది డైరెక్టరుకి. పార్సెల్ వచ్చిన రోజు, చెవికి ఫోన్ ఆనించుకునే బాటిల్ని వెలుతురుకెత్తి చూసి, “దీన్ని మళ్లీ కొలవాలా? పోయినేటి నీళ్లే. పన్నెండు,” అన్నాడు. ల్యాబ్ అంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. నవ్వి, వెళ్లి, ముప్పై ఒకటి పట్టుకొచ్చింది.

“మళ్లీ కొలిచాను సార్. రసాయనాలన్నీ మార్చి కూడా కొలిచాను. ఒకసారి ముప్పై, ఒకసారి ముప్పై మూడు.”

“నేను ఏళ్ల తరబడి పాఠం చెప్పిన లెక్కమ్మా ఇది. ఏడు అంకెల్లో ఒకటి ఎంత ఎగిరిపడినా మధ్యది కదలదు. ఒక్కడి పిచ్చి అందరికీ అంటుకోకూడదనే ఆ లెక్క పెట్టారు. ఇక్కడ ఆ ఒక్కరూ నువ్వే.”

“ఎవరికి వాళ్లు విడిగా కొలిస్తేనే సార్ ఆ లెక్క.”

“అంటే ఆరుగురూ దొంగలు, నువ్వొక్కదానివే పతివ్రతవి.”

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. గొంతు మాత్రం లేవలేదు. “దొంగలనలేదు. ఒకే బాటిల్ని మనమే రెండుసార్లు కొలిస్తే ఇంతకన్నా తేడా వస్తుంది. ఆరు ఊళ్లలో, ఆరు మెషీన్ల మీద ఇంత దగ్గరగా రావడమేంటి?”

అది నిజమని అతనికి తెలుసు. పాఠంలో తనే చెప్పేవాడు. తనకు తెలిసిన మాట ఎదుటివాళ్ల నోట వింటే అతని కోపం రెట్టింపవుతుంది. నిజానికి ఆ కోపం ఆమె మీద కాదు. కాని ఎదురుగా నిలబడింది ఆమె.

“పన్నెండని రాసి సంతకం పెట్టు.”

“పెట్టను.”

“పెట్టకు. రేపట్నుంచి రాకు కూడా.”

ఆమె తెల్లకోటు విప్పి కుర్చీ వీపు మీద వేసింది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది. తన ఉద్యోగం గురించి అడుగుతుందనుకున్నాడు. బతిమాలుతుందని కూడా కొంచెం ఆశపడ్డాడు.

“మరి క్వార్టర్ల కుళాయిలు సార్?”

అదొకటి ఉంది. అదే మెషీన్ మీద పోయిన వారం కార్మికుల క్వార్టర్ల నీళ్లు కొలిచి, పాత గొట్టాల్లోంచి సీసం దిగుతోందని ఆమె తేల్చింది. ఆమె మాట మీద కుళాయిలు కట్టేశారు. అప్పట్నుంచీ అక్కడి జనం ట్యాంకరు కోసం ఎండలో నిలబడుతున్నారు. నీటి విభాగం ఇంజినీరు రోజూ ఫోన్ చేసి డైరెక్టరుని కడిగేస్తున్నాడు.

“తెరిపిస్తాను. నీ పిచ్చి మెషీన్‌ని నమ్మి వాళ్ల గొంతులు ఎండబెట్టాను. సిగ్గుగా ఉంది నాకు.”

“అయితే మొదటి గ్లాసు మీరు తాగండి సార్,” అని వెళ్లిపోయింది. తలుపు విసిరి కొట్టలేదు. మెల్లగా వేసింది. అది ఇంకా మండించింది అతన్ని.

పన్నెండు అని కొట్టి పంపేశాడు. కుళాయిలు విప్పమని ఇంజినీరుకి ఫోన్ చేశాడు. ఇప్పటికైనా తెల్లారిందా మీకు, అని ఇంజినీరు ఒక చురక వేసి పెట్టేశాడు.

గంట గడిచినా కోపం దిగలేదు. కిటికీలోంచి చూస్తే రోడ్డవతల క్వార్టర్లు. కుళాయి దగ్గర గుంపు. ఒక తల్లి చంటిదాన్ని చంకనేసుకుని, దోసిట్లో నీళ్లు పట్టి దాని నోటికి అందిస్తోంది. ఆ దృశ్యం అతన్ని కాస్త చల్లబరిచింది. చూసిందా ఆ పొగరుబోతు, అనుకున్నాడు. చూడాల్సింది.

మిగిలిన కోపం కక్కేయడానికి బావకి ఫోన్ చేశాడు. అంతా చెప్పాడు. ముప్పై ఒకటి. ఎదురు మాటలు. ఉద్యోగం పీకేయడం. కుళాయిలు.

“పైగా ఏమందో తెలుసా బావా? నిజంగా కొలిస్తే ఇంత దగ్గరగా రావట.”

బావ పగలబడి నవ్వాడు. ఆ నవ్వు అయ్యేదాకా డైరెక్టరు కిటికీలోంచి కుళాయినే చూస్తూ నిలబడ్డాడు.

“ఆ పిల్ల గట్టిదేరా బామ్మర్దీ, మా మెషీన్ పాడై మూలపడి నెలైంది, మొన్న పార్సెల్ వచ్చిన రోజు ఫోన్లో నువ్వు పన్నెండన్నావు కదా, కొలిచే అన్నావనుకుని అదే మిగతా ఐదుగురికీ చెప్పేశాను.”