తెంపిన తేదీ

ఆ ఆదివారం ఆ బల్ల చుట్టూ కూర్చున్న ఎనిమిది మందీ, తప్పు మీది.

మెడ మీద చెయ్యి వేసింది టీ అక్క ఒక్కతే. ఆ చేతికి బలమిచ్చింది మీ నవ్వు. ఇప్పుడు మొహాలు ఎక్కడ పెట్టుకుంటారో మీరే చూసుకోండి.

జరిగింది ఇదీ.

టీ అక్కది ఆకు టీ దుకాణం. పొడి టీ పేరెత్తితే ఆవిడకు ఒళ్ళు మండుతుంది. ప్రతి ఆదివారం పొద్దున పదింటికి పొడవాటి బల్ల వేసి, వచ్చినవాళ్ళందరికీ రుచి చూపించి నాలుగు మంచి మాటలు చెప్పేది.

"నీళ్ళు కుతకుతలాడుతుంటే పోసెయ్యకండి. దించి కాస్త ఊపిరి పీల్చుకోనివ్వండి. మూత పెట్టి మూడు నిమిషాలు ఆగండి. ఆకు ఎలా విచ్చుకుంటుందో చూడండి."

"పాలు, చక్కెర లేవా?" అన్నాడు బ్యాంకు మేనేజరు.

"అవి కావాలంటే ఇంట్లోనే ఉండాల్సింది మీరు."

"గుండెకు మంచిదంటారు, నిజమేనా అక్కా?"

"గుండెకు, పొట్టకు, నిద్రకు కూడా. నన్నెందుకు, మన టీచరమ్మగారిని అడగండి."

టీచరమ్మ కామెర్లతో మంచం పట్టి అప్పుడప్పుడే లేచిన మనిషి. అక్క మాట మీద రోజుకు నాలుగు కప్పులు తాగుతోంది. అక్క చెప్తే వేదవాక్కు ఆవిడకు.

అప్పుడు వచ్చాడు అతను.

చొక్కా బొత్తాలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. చేతులు వణుకుతున్నాయి. ఎవర్నీ పలకరించకుండా తిన్నగా అలమర దగ్గరికి వెళ్ళి, డబ్బాలు తిరగేసి అడుగున ఉన్నది చదవడం మొదలుపెట్టాడు.

"రండి బాబాయ్, ఒక కప్పు తాగుదురుగాని," అంది అక్క.

అతను కప్పు అందుకోలేదు.

"తే... తేదీ చూడండి." నాలుక మడత పడింది.

"ఈ నెల ఆకే బాబాయ్. ఆరో తేదీన తెంపారు. ఇంతకన్నా తాజాది ఈ వీధిలో చూపిస్తే దుకాణం మీ పేర రాసేస్తాను."

"అదే... అదే చెప్తున్నా. తా... తాగొద్దు."

అంటూనే టీచరమ్మ చేతిలో కప్పు లాక్కోబోయాడు. టీ అంతా ఆవిడ ఒళ్ళో ఒలికింది.

"తెల్లారకుండానే పట్టించినట్టున్నాడు," అన్నాడు మేనేజరు. "ఈయన తాగేదానికి మూత పెట్టి మూడు నిమిషాలు ఆగే పని లేదు."

బల్లంతా నవ్వింది. ఒళ్ళు తుడుచుకుంటూ టీచరమ్మ కూడా నవ్వింది.

అతను జేబులోంచి ఏదో తీయబోయాడు. అక్క తీయనివ్వలేదు. మెడ మీద చెయ్యి వేసి గుమ్మం దాటించింది.

"ఇంకోసారి కనిపిస్తే పోలీసుల్ని పిలుస్తాను," అంది.

ఆ వేళ అమ్మకం మామూలు కన్నా బాగుంది. తాజాది అయిపోతుందేమోనని టీచరమ్మ రెండు డబ్బాలు పట్టుకెళ్ళింది.

మూడు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం, దుకాణంలో ఎవరూ లేనప్పుడు, ఒకావిడ వచ్చి బల్ల మీద చిన్న పుస్తకం పెట్టింది.

"కొనడానికి రాలేదు. ఇది చదవండి. మీరు గెంటేసిన మనిషిది. మా ఆయనది."

వంకర టింకర అక్షరాలు. అక్క కూడబలుక్కుని చదివింది. మూడో తేదీ, టీ తోటలో పురుగుమందు పిచికారీ. పదిహేడు దాకా ఆకు తెంపరాదు.

అక్క డబ్బా తిరగేసింది. తెంపినది ఆరు.

మూడు రోజులు. అంతే.

తాజా, తాజా అని నోరు నొప్పెట్టేలా చెప్పుకున్నదంతా ఇదా. టీ ఆకును ఎవరూ కడగరు. కడిగి తాగమని ఈవిడా ఏనాడూ ఎవరికీ చెప్పలేదు. తిన్నగా వేడినీళ్ళలోకే వేయించింది.

"ఆగమని ఆయన తోటలో మొత్తుకున్నారు. తోటవాళ్ళు పనిలోంచి తీసేశారు," అంది ఆవిడ. "ఆ సరుకు వెళ్ళిన దుకాణాలు పదకొండు. అన్నీ తిరిగారు. పది దుకాణాల వాళ్ళు పుస్తకం చూశారు, డబ్బాలు దించేశారు. పదకొండోది మీది."

అక్కకు తల ఎత్తబుద్ధి కాలేదు. పది దుకాణాల వాళ్ళకు ఉన్న ఓపిక తనకెందుకు లేకపోయింది? ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూసి మాట్లాడే మనిషి, బల్ల మీద టీ మరకలు చూస్తూ నిలబడిపోయింది.

"ఆయన్ని తీసుకురండమ్మా. ఆ రోజు ఉన్నవాళ్ళందరి ముందూ కాళ్ళు పట్టుకుంటాను."

"ఆ అవసరం లేదు మీకు. బుధవారం పోయారు."

వీధిలో ఎవరిదో సైకిలు గంట మోగింది.

"తాగి వచ్చారనుకున్నాం," అంది అక్క. ఆ మాట తనకే వినిపించనంత చిన్నగా వచ్చింది.

"జన్మలో చుక్క ముట్టలేదు."

అక్క కొంగు మొహానికి అడ్డం పెట్టుకోబోయింది. ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏడవడానికి నేనున్నాను. మీరు ఫోను తియ్యండి. ఆ డబ్బాలు కొన్న ప్రతి మనిషికీ చెప్పండి, నా ముందే, ఇప్పుడే. ఎవరు చెప్పారని అడిగితే దాచకండి. ఆ తోటలో పదహారేళ్ళు ఆ పురుగుమందు వీపున మోసి, తన చేత్తోనే కొట్టి కొట్టి, చేతులు వణుకు పట్టి నాలుక మొద్దుబారిపోయిన మనిషి చెప్పాడని చెప్పండి."